‘బాంద్ ద ఫీయ్’ రివ్యూ: మొదటి పది నిమిషాలు వాల్యూమ్ తగ్గించకండి

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను, ఈ సినిమా నేను డబ్బులు పెట్టి చూడలేదు. ఒక ఓటీటీ యాప్ వాళ్లు మూడు నెలల సబ్‌స్క్రిప్షన్ ఫ్రీగా ఇచ్చి, వాళ్ల దగ్గరున్న ఫ్రెంచ్ సినిమాల్లో ఏదో ఒకదాని గురించి మాట్లాడమన్నారు. బాగుందని చెప్పమని మాత్రం అడగలేదు. నేను సెలీన్ సియామా తీసిన ‘బాంద్ ద ఫీయ్’ ఎంచుకున్నాను. 2014 సినిమా, ఇంగ్లీషులో ‘గర్ల్‌హుడ్’ అని వెతికితే దొరుకుతుంది. పారిస్ శివార్లలో ఉండే మరియెమ్ అనే పదహారేళ్ల అమ్మాయి, ఆమె స్నేహితురాళ్ల కథ ఇది. ఇక నేరుగా నన్ను పట్టేసిన సీన్ దగ్గరికి వెళ్దాం.

సినిమా మొదలవడమే అమ్మాయిల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌తో. హెల్మెట్లు, ప్యాడ్లు, చెవులు గింగిర్లెత్తే మ్యూజిక్. మ్యాచ్ అయ్యాక రాత్రిపూట అందరూ గుంపుగా ఇళ్లకు నడిచొస్తుంటారు. ఒకళ్ల మాట మీద ఇంకొకళ్ల మాట, నవ్వులు, కేకలు. ఎవరేం అంటున్నారో ఒక్క ముక్క అర్థం కాదు, అర్థం కావాల్సిన పనీ లేదు. అలా వాళ్లుండే అపార్ట్‌మెంట్ బ్లాకుల దగ్గరికి వస్తారు. అక్కడ మగపిల్లలు కూర్చుని ఉంటారు. అంతే. ఒక్కో గొంతూ తగ్గిపోతుంది. అంత గోల చేసిన పిల్లలు చప్పుడు లేకుండా నడుస్తారు. గుంపు కూడా కొద్దికొద్దిగా విడిపోయి, చివరికి మన హీరోయిన్ మరియెమ్ ఒక్కతే మిగులుతుంది.

నేను అక్కడ పాజ్ కొట్టాను. ఇంటర్ చదివేటప్పుడు సాయంత్రం ట్యూషన్ నుంచి హాస్టల్‌కి ఆరుగురం కలిసి వచ్చేవాళ్లం. దారి పొడుగునా రోడ్డంతా మాదే. మలుపులో ఒక కిళ్లీ కొట్టు ఉండేది, దాని ముందు బైకుల మీద ఎప్పుడూ నలుగురైదుగురు. ఆ కొట్టు బల్బు వెలుగు కనపడగానే మా గొంతులు పడిపోయేవి. చున్నీ సర్దుకోవడం, పుస్తకాలు గుండెకి హత్తుకోవడం, తల దించుకోవడం. కొట్టు దాటి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి రాగానే మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలు. రెండేళ్లు రోజూ ఇదే జరిగింది. ఎందుకు ఆపుతున్నామని మాలో మేం ఒక్కసారి కూడా అనుకోలేదు. పారిస్ శివార్లలో తీసిన సినిమాలో నాకు ఆ బల్బు కనపడింది.

అప్పటి నుంచి ఈ సినిమాని కళ్లతో కంటే చెవులతో ఎక్కువ చూశాను. మరియెమ్‌కి పదహారేళ్లు. స్కూల్లో ఒక టీచరమ్మ ఆమెతో, నువ్వు మామూలు హైస్కూల్‌కి వెళ్లలేవు, చేతిపని కోర్సులో చేరు అంటుంది. ఆ టీచర్ మొహం మనకి చూపించరు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. కెమెరా మరియెమ్ మొహం మీదే ఉంటుంది. నాకూ అందరిలాగా ఉండాలని ఉంది అని ఆ పిల్ల బతిమాలుతుంది. ఇంట్లో అన్నయ్య చెయ్యి చేసుకుంటాడు, అక్కడా గొంతు తగ్గించే బతకాలి. స్కూల్ బయటికి రాగానే లేడీ, అదియాతు, ఫిలీ అనే ముగ్గురు అమ్మాయిలు పరిచయమవుతారు. వీళ్లు మెట్రో స్టేషన్‌లో అవతలి ప్లాట్‌ఫారం మీదున్న ఇంకో గ్యాంగ్‌తో పట్టాల మీదుగా అరుచుకుంటారు చూడండి, మంచి పనేం కాదు, కానీ ఆ అరుపు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది!

ఇక హోటల్ గది సీన్. నలుగురూ డబ్బులు పోగేసి ఒక రాత్రికి గది తీసుకుంటారు. కొట్టుకొచ్చిన గౌన్లు వేసుకుంటారు, షాపువాళ్ల సెక్యూరిటీ ట్యాగులు వాటికి అలాగే వేలాడుతుంటాయి. నీలం లైటులో రిహానా పాటకి పెదవులు కదుపుతూ డాన్స్ చేస్తారు. పాట మధ్యలో కట్ చేయకుండా దాదాపు మొత్తం వదిలేసింది సియామా. ఇంకెవరైనా అయితే ముప్పై సెకన్లకి తేల్చేసేవాళ్లు. మరియెమ్‌గా చేసిన కరిజా తూరెని పారిస్‌లో ఫ్వార్ ద్యు త్రోన్ అనే పెద్ద ఎగ్జిబిషన్‌లో చూసి తీసుకున్నారు. ఆ పాటలో ఆమె మెల్లగా బిడియం వదిలి వచ్చి కలిసే క్షణం ఉంది చూడండి, అది నేర్పితే వచ్చేది కాదు.

నాకు ఒళ్లు మండింది సబ్‌టైటిల్స్ విషయంలో. పారిస్ శివార్ల పిల్లలు మాటల్ని తిరగేసి మాట్లాడతారు, దాన్ని వెర్లాన్ అంటారు. ‘ఫామ్’ అంటే ఆడమనిషి, దాన్ని తిరగేసి ‘మెఫ్’ అంటారు. మనం చిన్నప్పుడు పెద్దవాళ్లకి తెలియకూడదని ‘కనుకవ్వు కరా’ అని క భాష మాట్లాడుకోలేదూ, దానికి చుట్టమే. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో అదంతా చప్పబడిపోయింది. పిల్లల మాట, పెద్దల మాట ఒకేలా ఉన్నాయి. మీరైనా గొంతుల్లోని తేడా వింటూ చూడండి.

సియామా సినిమాల్లో నేను మొదట చూసింది 2011లో వచ్చిన ‘టామ్‌బాయ్’. అది చిన్న సినిమా, ఎక్కడా పట్టు సడలదు. ఇది అలా కాదు. చివరి భాగంలో మరియెమ్ ఇల్లు వదిలి మత్తుమందులు అమ్మేవాడి దగ్గర పనికి చేరుతుంది. స్నేహితురాళ్లు తెర మీద కనపడడం తగ్గిపోయేసరికి నాకు నిజంగా బెంగ పట్టుకుంది. ఆ భాగం సాగినట్టుంది. అయినా నేను మార్కులు తగ్గించను, ఐదుకి నాలుగున్నర. ఆ మొదటి నడక, ఆ హోటల్ గది, ఈ రెండింటికే ఇస్తున్నాను. కొట్లాటలు, కత్తి, ఒక పడకగది సీను ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి.

నిన్న మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో మొదటి సీన్ గురించి రాసి పెట్టాను. ఐదు నిమిషాల్లో ఒకమ్మాయి రిప్లై ఇచ్చింది, “ఆ కిళ్లీ కొట్టేనా?” అని. ఆదివారం రాత్రి ఆరుగురం కాల్ పెట్టుకుని చూస్తున్నాం.