మిస్సిసాగాలో ఉంటున్న మనం, ఆ పేరు గల మనుషులు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో చాలామంది కెనడా పౌరసత్వం తీసుకున్నవాళ్లే. ఈ దేశపు ఆదివాసులైన ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మెతీ ప్రజల హక్కులనూ ఒప్పందాలనూ గుర్తించే రాజ్యాంగానికి కట్టుబడి ఉంటామని మనం ప్రమాణం చేస్తాం. 2021 జూన్‌కు ముందు ఆ ప్రమాణంలో ఈ మాట లేదు. ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి వేరుచేసి ఉంచిన రెసిడెన్షియల్ స్కూళ్ల చరిత్రను విచారించిన సత్యం, సయోధ్యల కమిషన్ 2015లో ఇచ్చిన 94 సిఫార్సుల్లో చివరిది అదే. దానికి ముందుదైన 93వది కూడా మన గురించే: కొత్తగా వచ్చినవాళ్లకు ఈ చరిత్ర చెప్పాలని. ఆ కమిషన్‌కు అధ్యక్షత వహించిన ముర్రే సింక్లెయిర్ అనిషినాబే అనే ఆదివాసీ సమూహానికి చెందిన మనిషి.

మనం ఉంటున్న మిస్సిసాగాకు ఆ పేరు ఒక అనిషినాబే జాతి నుంచే వచ్చింది. క్రెడిట్ నది ఒడ్డున బతికిన ఆ జనం 1847లో హేగర్స్‌విల్ దగ్గరికి తరలిపోవాల్సి వచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. 1805 నాటి టొరంటో భూమి ఒప్పందం మీద వాళ్ల ఫిర్యాదు 2010లో గానీ తేలలేదు. 14.5 కోట్ల డాలర్ల పరిహారం ఇచ్చారు.

భాష సంగతి అలా తేలేది కాదు. బ్రాంట్‌ఫర్డ్‌లో మొహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే రెసిడెన్షియల్ స్కూలు 1970 దాకా నడిచింది. క్రెడిట్ మిస్సిసాగా పిల్లలనూ అక్కడికి పంపారు. రోజూ జావే పెడుతుండడంతో పిల్లలు దాన్ని 'మష్ హోల్' అనేవారు. దేశం మొత్తం మీద ఇలాంటి స్కూళ్లకు వెళ్లింది లక్షన్నర మంది. ఇంటి భాష నోట వస్తే దెబ్బలు. అలా పెరిగినవాళ్లలో చాలామంది, తమ పిల్లలకైనా ఆ బాధ వద్దని, భాష నేర్పకుండా ఊరుకున్నారు. మన పిల్లలు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తున్నారని మనకు టెన్షన్. కానీ మన వెనక కోట్ల మంది తెలుగు మాట్లాడుతున్నారు. మన నోరు ఎవరూ నొక్కలేదు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

మనకు ఒక అలవాటుంది. ఏది విన్నా "మా దగ్గరా ఉంది" అనేస్తాం, అక్కడితో వినడం ఆగిపోతుంది. అనిషినాబేల్లో 'డోడెమ్' అనే వంశాలున్నాయి: కొంగ, ఎలుగుబంటి, చేప, ఇంకా ఎన్నో. ఒకే డోడెమ్ వాళ్లు పెళ్లి చేసుకోరు. వెంటనే మనకు గోత్రం గుర్తొస్తుంది, అది సహజమే. అయితే అక్కడ ఒక్కో వంశానికి జాతి పట్ల ఒక్కో బాధ్యత ఉంటుంది. కొంగ వంశానిది నాయకత్వం, ఎలుగు వంశానిది రక్షణ. ఇవి పోలికతో అందవు, వాళ్లు చెబుతుంటే కూర్చుని వినాలి.

వినడానికీ ఒక పద్ధతుంది. పెద్దలను ఏదైనా నేర్పమని అడిగేముందు కాస్త పొగాకు చేతికిస్తారు. వాళ్లు తీసుకుంటే అడిగినదానికి ఒప్పుకున్నట్టు. అడగకుండా రికార్డు చేయకూడదు. వాళ్ల పురాణ పాత్ర అయిన నానబుష్ కథలు నేల మీద మంచు ఉన్నప్పుడే చెబుతారు కాబట్టి జూలైలో పిల్లల క్యాంపు పెట్టి, ఓ కథ చెప్పండంటే కుదరదు. వాళ్ల కాలానికి మనం సర్దుకోవాలి.

ఇక మనం చేయగలిగినవి చెబుతాను. సెప్టెంబరు 30న ఆ స్కూళ్లకు వెళ్లిన పిల్లలను తలచుకుంటూ ఆరెంజ్ షర్టు వేసుకోండి, మంచిదే, కానీ నాకది చాలదనిపిస్తుంది. మన సంఘం ఈ చలికాలంలో అనిషినాబేల భాష అయిన అనిషినాబెమొవిన్ క్లాసు ఒకటి పెట్టాలి. నేర్పేవాళ్లను వాళ్ల సమాజం ద్వారానే అడగాలి. సంక్రాంతికి వచ్చే కళాకారులకు ఇచ్చినట్టే వాళ్లకూ పారితోషికం ఇవ్వాలి, ఉచితంగా రమ్మనకూడదు. ఆగస్టులో హేగర్స్‌విల్ దగ్గర పౌవౌ, అంటే వాళ్ల ఆటపాటల పండుగ, జరుగుతుంది. పిల్లలతో వెళ్దాం. ప్రవేశ ఊరేగింపు మొదలైనప్పుడు లేచి నిలబడాలి, ఫొటోలు వద్దన్నప్పుడు ఫోన్ జేబులో పెట్టాలి. అక్కడ గలగలలాడే లోహపు గొట్టాలు కుట్టిన దుస్తులతో చేసే జింగిల్ డ్రెస్ నాట్యం 1918 ఫ్లూ రోజుల్లో స్వస్థత కోసం పుట్టిందని వాళ్లు చెబుతారు. వెళ్లేముందే పిల్లలకు ఆ సంగతి చెప్పి తీసుకెళ్దాం.

క్లాసుకు పేర్లు రాసుకునే కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. పెద్దవాళ్లు కూడా రాయండి.