సయనోటైప్ నెగటివ్‌కి ఫోటో ప్రింటరే కొనాలా? ఇంట్లో ఉన్న ఇంక్ ట్యాంక్ సరిపోతుందా?

నమస్కారమండీ. సయనోటైప్ అంటే మందు పూసిన కాగితం మీద నెగటివ్, అంటే వెలుగునీడలు తారుమారైన బొమ్మ పెట్టి, ఎండతో నీలం ఫోటో ప్రింట్ తీసే పద్ధతి. దానికోసం ప్రింటర్‌లో తీసిన ఈ రెండు నెగటివ్ ఫిల్ములూ కిటికీ వైపు పెట్టి చూపిస్తాను, చూడండి. ఎడమ చేతిలోది కటిక నలుపు. కుడి చేతిలోది ఆకుపచ్చ, దీని వెనక నా వేళ్లు కూడా మీకు కనిపిస్తున్నాయి. ఫోటో ఒకటే, ప్రింటర్ ఒకటే, ఫిల్మ్ కూడా ఒకటే. వీటితో తీసిన సయనోటైప్‌లు ఇవిగో. ఆకుపచ్చదానితో ఆకాశం కాగితమంత తెల్లగా వచ్చింది. నల్లదానితో వచ్చిన ఆకాశం చూడండి, నీలిమందు ఎక్కువైన పంచెలా తయారైంది.

ఎందుకలా అంటే, సయనోటైప్ కాగితానికి మన కన్ను చూసే వెలుతురుతో పెద్దగా పని లేదు. దాని మీద పనిచేసేది ముఖ్యంగా యూవీ, అంటే ఎండలో ఉండే, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు. కొన్ని నల్ల ఇంకులు కంటికి గోడలా అనిపిస్తాయి గానీ యూవీని వదిలేస్తాయి. పసుపు బాగా కలిసిన ఆకుపచ్చ, నారింజ లాంటి రంగులు పల్చగా కనిపిస్తూనే దాన్ని ఆపేస్తాయి. ఏ రంగు బాగా ఆపుతుందన్నది ప్రింటర్‌ని బట్టి, ఇంకుని బట్టి మారుతుంది. నాకు ఆకుపచ్చ కుదిరింది కదా అని మీరూ అదే పెట్టేయకండి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన పద్ధతి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, విడిగా మరో 100 మిల్లీలీటర్లలో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్. రెండూ సమానంగా కలిపి కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టి, పైన నెగటివ్ పెట్టి ఎండలో ఉంచి, నీళ్లతో కడగడమే. ఇంజనీర్ల బ్లూప్రింట్లు వచ్చింది దీన్నుంచే. ఇందులో చిన్న నెగటివ్‌ని పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ ఉండదు, కాబట్టి ప్రింట్ ఎంత సైజు కావాలో నెగటివ్ కూడా అంతే ఉండాలి. ఏ4 ప్రింట్ కావాలంటే ఏ4 నెగటివ్. అందుకే అందరూ ఇంక్‌జెట్ దారి పడుతున్నారు.

ఇక ప్రింటర్ సంగతి. నాది నాలుగు రంగుల మామూలు ఇంక్ ట్యాంక్, పిల్లల ప్రాజెక్టులు, ఆధార్ జిరాక్సులు తీసేదే. ఆరు రంగుల ఫోటో ప్రింటర్లలో లేత సయాన్, లేత మజెంటా అదనంగా ఉంటాయి, దానివల్ల మధ్య టోన్లలో చుక్కలు తక్కువ కనిపిస్తాయి. నున్నటి కాగితం మీద ముఖాలు వేస్తే తేడా తెలుస్తుంది, కాదనను. కానీ గరుకు వాటర్‌కలర్ కాగితం మీద ఆ చుక్కలు ఎక్కడున్నాయో భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. నాలుగు రంగుల వాటిలో ఒక మెలిక ఉంది. కొన్నింటిలో నలుపు మాత్రం పిగ్మెంట్ ఇంకు, అంటే సన్నటి రంగు పొడి ఉండేది, మిగతా మూడూ డై, అంటే పూర్తిగా కరిగిన రంగు. మీరు సెట్టింగ్‌లో గ్లాసీ ఫోటో పేపర్ అని పెడితే చాలాసార్లు ఆ నల్ల ఇంకుని అసలు వాడదు, మూడు రంగులూ కలిపే నలుపు చేస్తుంది. మనకది నష్టమేమీ కాదు, అందులో పసుపు ఉంటుంది కాబట్టి.

లేజర్ గురించి కూడా అడుగుతున్నారు. పెళ్లి కార్డులు స్క్రీన్ ప్రింటింగ్ చేసే షాపుల్లో ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీస్తారు కదా, అక్షరాలకీ ముగ్గుల్లాంటి గీతలకీ అది చక్కగా పనికొస్తుంది. ఫోటోకి మాత్రం వద్దు. నల్లటి చోట్ల టోనర్‌లో సూది బెజ్జాలు ఉంటాయి, అవన్నీ ప్రింట్‌లో నీలి చుక్కలవుతాయి.

అసలు తల తినేది ఫిల్మ్ అండీ. స్టేషనరీ షాపులో ఓహెచ్‌పీ షీట్ అనడిగితే ఇచ్చేది ఎక్కువగా లేజర్‌కో, మార్కర్ పెన్నుకో పనికొచ్చేది. దాని మీద ఇంకు పూసల్లా నిలబడి, తుడిస్తే చేతికొచ్చేస్తుంది. ఇంక్‌జెట్ కోటింగ్ ఉన్నదని గట్టిగా అడగండి. ఏ వైపు కోటింగో తెలియకపోతే తడి వేలు మూల మీద పెట్టండి, జిగురుగా పట్టుకునేదే ఇంకు వైపు. ఈ పనికి ప్రపంచమంతా మెచ్చుకునేది జపాన్ పిక్టోరికో. ఖరీదే. నేర్చుకునే రోజుల్లో స్క్రీన్ ప్రింటింగ్ సామాన్లు అమ్మే చోట దొరికే పాలరంగు ఇంక్‌జెట్ ఫిల్మ్ చాలు. అది తనే కొంత యూవీని మింగుతుంది, ఎండలో ఇంకాస్త సేపు పెట్టాలి, అంతే.

ప్రింట్ అయ్యాక వెంటనే వాడొద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. ఫిల్మ్ గానీ, పూసిన కాగితం గానీ కాస్త చెమ్మగా ఉన్నా ఇంకు కాగితానికి అంటుకుని రెండూ పోతాయి. హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి పెట్టి ఆరబెట్టండి. ఇంకోటి, ఇంకు వైపు కాగితానికి తగలాలి, కాబట్టి బొమ్మని అద్దంలోలా తిప్పి ప్రింట్ చేయాలి. తిరగేసి పెడితే ఫిల్మ్ మందం మేర వెలుతురు పక్కలకి జారి అంచులు మెత్తబడతాయి. సెట్టింగ్‌లో క్వాలిటీ హై, హై స్పీడ్ టిక్ తీసేయండి, లేకపోతే ఆకాశంలో చారలు. కలర్ కరెక్షన్ ఆఫ్.

రంగు వెతకడం ఇలా. ముందు ఖాళీ ఫిల్మ్ ముక్క పెట్టి, ఎంతసేపటికి నీలం ఇక ముదరడం ఆగిపోతుందో చూడండి. ఆ తక్కువ సమయమే మీ టైమ్, దాన్ని ఇక మార్చొద్దు. తర్వాత రకరకాల రంగుల గళ్లు ఫిల్మ్ మీద ప్రింట్ చేసి అదే టైమ్ ఇవ్వండి. కాగితం తెల్లగా మిగలడానికి సరిపోయేంత మాత్రమే ఆపిన గడి ఏదో చూసి ఆ రంగు తీసుకోండి. "సరిపోయేంత" అన్న మాట మర్చిపోకండి. మరీ బలంగా ఆపే రంగు తీసుకుంటే ఉన్న కొద్దిపాటి పరిధిలోనే టోన్లన్నీ ఇరుక్కుని ముఖం మీద మెట్లు మెట్లుగా వస్తాయి. ఆ తర్వాత బూడిద రంగు మెట్ల చార్ట్‌ని ప్రింట్ తీసి, దాన్ని బట్టి కర్వ్, అంటే ఫోటోలోని టోన్లు ప్రింట్‌లో సరిగ్గా వచ్చేలా సర్దే గీత. ఫోటోషాప్ ఉంటే చార్ట్‌థ్రోబ్ స్క్రిప్ట్ ఆ కర్వ్ తనే గీసిస్తుంది. చార్ట్‌ని ఫోన్‌తో ఫోటో తీయకుండా స్కాన్ చేయండి, అదీ పూర్తిగా ఆరాక. కడిగిన వెంటనే కనిపించే నీలం అసలు నీలం కాదు, గాలి తగిలే కొద్దీ ముదురుతుంది. ఓపిక లేకపోతే మెడికల్ షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్ నీళ్లలో కాస్త వేయండి.

ఎండతో చేసేవాళ్లు ఈ పరీక్షలన్నీ ఒకే రకం ఎండలో, మిట్టమధ్యాహ్నం దగ్గర్లో పెట్టుకోండి. పొద్దున టైమ్ కనుక్కుని సాయంత్రం గళ్లు పరీక్షిస్తే అంకెలకి అర్థముండదు. కడగడానికి బోరు నీళ్లయితే మొదటి తొట్టిలో చిటికెడు నిమ్మ ఉప్పు వేయండి. క్షారానికి ఈ నీలం నిలవదు. చాలామంది నెగటివ్‌ని తిట్టుకునే పల్చటి ప్రింట్లలో కొన్ని నీళ్లు చేసిన పని.

నా రేటింగ్: ఉన్న ఇంక్ ట్యాంక్‌కి పదికి ఎనిమిది. రెండు మార్కులు తగ్గించింది ఏ4 దాటి వెళ్లలేనందుకు, ఫిల్మ్ మీద చక్రాల గుర్తులు పడుతున్నందుకు. ఏ3 సైజు కావాలి, లేదా పోర్ట్రెయిట్లే మీ పని అనుకుంటే ఆరు రంగుల ఏ3 ప్రింటర్ వైపు చూడండి. మిగతావాళ్లు ఆ డబ్బు మంచి కాగితానికీ ఫిల్మ్‌కీ పెట్టండి. మీ ప్రింటర్ ఏ మోడలో, ఏ రంగు బాగా ఆపిందో కింద కామెంట్‌లో రాయండి, నేను వాడిన గళ్ల చార్ట్ లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను.