పూత జారిపోని కార్న్ డాగ్, ఘాటైన ఆవ సాస్

హాయ్ అండీ. కార్న్ డాగ్ అంటే పుల్లకు గుచ్చిన సాసేజ్‌ను మక్క పిండి జారులో ముంచి నూనెలో వేయించేది. దీన్ని ఇంట్లో చేస్తే చాలామందికి ఒకటే టెన్షన్, నూనెలో వేయగానే పూత ఊడి పిండి ఒకవైపు, సాసేజ్ ఇంకోవైపు తేలుతుంది. సాసేజ్ తడిగా ఉన్నా, పిండి పలుచనైనా అదే జరుగుతుంది.

[రెండు గిన్నెలు పక్కపక్కన: తెల్ల పిండి, పసుపు పిండి]

ముందు పిండి చూడండి. ఈ తెల్లది కార్న్‌ఫ్లోర్, మంచూరియాలో వేసేది, ఇందులో స్టార్చ్ తప్ప ఏమీ ఉండదు, దీంతో కార్న్ డాగ్ రుచి రాదు. మనకు కావాల్సింది ఈ పసుపు మక్క పిండి. గిర్నీలో పట్టిస్తుంటే కాస్త బరకగా పట్టమనండి, కరకర అంతా ఆ బరకలోనే ఉంది. వానాకాలంలో మక్క గారెలు తినే మన హైదరాబాద్ వాళ్లకు ఈ రుచి కొత్తేం కాదు.

[గిన్నెలో కలుపుతూ]

కప్పు మక్క పిండి, ముప్పావు కప్పు మైదా, చెంచాన్నర బేకింగ్ పౌడర్, రెండు చెంచాల చక్కెర, ఉప్పు, కారం, ఒక గుడ్డు. మజ్జిగ కొంచెం కొంచెంగా పోస్తూ మిరపకాయ బజ్జీ పిండి కంటే చిక్కగా కలిపి పది నిమిషాలు వదిలేయండి, మక్క పిండి నెమ్మదిగా నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి ఆ తర్వాతే అసలు చిక్కదనం తెలుస్తుంది.

[సాసేజ్ తుడుస్తూ, క్లోజప్]

ఫ్రిజ్‌లోంచి తీసిన చికెన్ సాసేజ్ మంచు పూర్తిగా కరిగాక పొడిబట్టతో గట్టిగా తుడవండి. పుల్లకు గుచ్చి పొడి మైదాలో దొర్లించి దులపండి. దయచేసి ఈ పని మానేయొద్దు, పూతను పట్టి ఉంచేది ఆ పొడి మైదానే. వెజ్ వాళ్లు పనీర్ ముక్కలతో ఇలాగే చేసుకోవచ్చు. పుల్ల మీ కడాయిలో పట్టే పొడవు ఉందో లేదో ముందే చూసుకోండి.

పిండిని పొడవాటి గ్లాసులో పోసి సాసేజ్‌ను నిలువుగా ముంచి, తిప్పుతూ పైకి తీసి వెంటనే నూనెలో వేయండి. నూనె 175 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చుక్క పిండి వేయండి, కిందికి వెళ్లి వెంటనే పైకి తేలితే సరిపోయినట్టే. చక్కెర వల్ల రంగు తొందరగా వస్తుంది, మోసపోవద్దు, మధ్యస్థం మంట మీద తిప్పుతూ మూడు నాలుగు నిమిషాలు వేగనివ్వండి. ఒకసారికి రెండే, ఎక్కువ వేస్తే నూనె చల్లబడి పూత నూనె తాగేస్తుంది.

[సాస్ గిన్నె]

టెక్సస్ స్టేట్ ఫెయిర్‌లో ఫ్లెచర్ అన్నదమ్ములు 1938, 1942 మధ్య కార్న్ డాగ్‌లు అమ్మడం మొదలుపెట్టారు. అమెరికాలో దీనికి ఎప్పటినుంచో జోడీ ఆవ సాసే, మరి ఆవ ఘాటు మనకంటే ఎవరికి తెలుసు! రెండు చెంచాల ఆవపొడిని చల్లటి నీళ్లతో ముద్దచేసి పది నిమిషాలు ఆగండి, ఘాటు పుట్టేది ఆ సమయంలోనే, వేడినీళ్లు పోస్తే పుట్టదు. తర్వాతే నిమ్మరసం, తేనె, ఉప్పు, నాలుగు చెంచాల మయోనీజ్. గుడ్డు లేని మయోనీజే వాడండి, పచ్చి గుడ్డుతో చేసిన దాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది కూడా. అది లేకపోతే నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు చాలు, నాకైతే పెరుగుదే ఎక్కువ నచ్చుతుంది.

పిల్లలకిచ్చేముందు పుల్ల మొన కత్తిరించండి. గ్లాసు అడుగున మిగిలిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి వేసి, ఆ నూనెలోనే పునుగులు వేసేయండి.