శిలాఫలకం మీద లేనివాళ్ళు

(మా మామ్మ జ్ఞాపకార్థ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న సంఘ పెద్దలకు, నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు నుంచి వచ్చిన బంధువులకు, పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదారి దాటి వచ్చిన మా అత్తయ్యలకు, రామాలయం వీధి నుంచి వచ్చిన ఇరుగుపొరుగు వారికి, పేరుపేరునా అందరికీ వందనాలు. ఎవరినైనా మర్చిపోతే క్షమించండి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళే కనబడుతున్నారు.

నాకు పది నిమిషాలిచ్చారు. వాచీ చూసే పని మా బావ తీసుకున్నాడు. బళ్ళో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, గంట కొడితే గానీ ఆపడం అలవాటు లేదు. ముందే చెబుతున్నాను.

ఇంకో మాట. మన కూడికల్లో ఆడవాళ్ళం ముసుగేసుకుంటాం, పాట పాడతాం, ఆమేన్ అంటాం. మైకు మాత్రం పట్టుకోం. ఈరోజు జరుగుతున్నది ఆరాధన కాదు, జ్ఞాపకార్థ కూడిక. అదీ మందిరం బయట, పందిట్లో. అందుకని నా చేతికి వచ్చింది. వచ్చినదాన్ని అంత తేలిగ్గా వదలను, మామ్మ పెంపకం అలాంటిది.

మూడు సంగతులు కాగితం మీద రాసుకొచ్చాను. ఆవిడ విశ్వాసం, ధైర్యం, సంసారాన్ని నడిపిన తీరు. విశ్వాసం గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేసుకునేదన్నారు. నిజమే. ఆ నాలుగింటికి మమ్మల్ని కూడా లేపేదని మాత్రం ఎవరూ చెప్పలేదు. కునికిపాట్లు పడితే లేసు సూది మొద్దు వైపుతో మోకాలి మీద పొడిచేది. పొద్దుటి నుంచి అందరూ కలిసి ఆవిడని దేవదూతని చేసేస్తున్నారు. ఒకసారి మా అమ్మని అడిగి చూడండి. ఇంటికొచ్చిన కోడలు పెట్టిన చేపల పులుసులో ఒక్కనాడైనా ఉప్పు సరిపోయిందని మామ్మ అన్నది లేదు. మంచాన పడ్డాక మళ్ళీ ఆ కోడలి చేతి ముద్దే కావాలంది. అదో కథ, ఇప్పుడొద్దు.

ధైర్యం సంగతికొస్తాను. 1986 ఆగస్టు.

ఇక్కడున్న పిల్లలకి 2022 జులై వరద గుర్తుంటుంది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిందని టీవీలో చూసి టెన్షన్ పడ్డారు. 86లో అదే భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. ఇప్పుడు 17.75 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తున్నారు. దానికి దాదాపు రెట్టింపు నీళ్ళు మన మీదికి వచ్చాయి.

మన ఎదురుగా ఉన్న లంకలో అప్పటికి పాతిక ముప్పై గడప ఉండేది. అక్కడి ఆడపిల్లలు మామ్మ దగ్గర దారం పట్టుకెళ్ళి లేసు పువ్వులు అల్లి తెచ్చేవాళ్ళు. వరదొస్తోందని టముకు వేసినా గేదెల్ని వదిలి రామని కొందరు అక్కడే ఉండిపోయారు. తెల్లారేసరికి ఇళ్ళ కప్పులు తప్ప ఏమీ కనబడలేదు. ఊరు ఊరంతా ఏటిగట్టు మీద నిలబడింది. ప్రార్థన చేద్దామన్నారు పెద్దలు. "మీరు చేస్తూ ఉండండి, నేను అన్నం వార్పిస్తాను" అంది మామ్మ.

రేవులో మిగిలింది ఒక్క నాటుపడవ. పడవాయన రానన్నాడు. ఆయన మనవడు ఈ పందిట్లోనే ఉన్నాడు, పేరు చెప్పనులే అబ్బాయ్. మామ్మ ఆయనతో వాదం పెట్టుకోలేదు. చీర కచ్చాపోసి బిగించింది, అన్నం గంప నెత్తికెత్తుకుని వెళ్ళి పడవలో కూర్చుంది. దిగమన్నాడు, దిగలేదు. ఆయనకి ఒళ్ళు మండి "మామ్మగారూ, మీ దేవుడికి ఈతొచ్చా?" అన్నాడు. "ఈత సంగతి నాకు తెలీదు గానీ నీళ్ళ మీద నడక వచ్చు. తాడు విప్పు" అంది.

ఆయన గంగమ్మకి కర్పూరం వెలిగించి దణ్ణం పెట్టుకున్నాడు. అంతసేపూ మామ్మ నోరెత్తకుండా కూర్చుంది. ఇది మన పెద్దల్లో కొందరికి తరవాత నచ్చలేదట. సంజాయిషీ అడిగారు. "తెడ్డు వాడి చేతిలో ఉంది. వాడి గుండె నిబ్బరంగా ఉండాలా, వద్దా?" అని తిరిగి అడిగింది.

వరదలో ఏరు దాటడమంటే ఎదురుగా తెడ్డేసుకుంటూ పోవడం కాదండి. గట్టు వారనే పడవని తాడుతో చాలా దూరం ఎగువకి లాక్కుపోవాలి. అక్కడ వదిలితే వాలుకి ఏటవాలుగా కొట్టుకుంటూ లంక మీదికి చేరాలి. గురి తప్పిందా, ఇంక అంతర్వేది, ఆపైన సముద్రం. వీళ్ళ గురి తప్పలేదు. రెండు నిలువుల నీళ్ళలో కొబ్బరి బోదెకి పడవ కట్టి, కప్పుల మీదున్న వాళ్ళని ఒక్కొక్కరినే దింపారు. ఒక ముసలమ్మ మేకపిల్లని వదిలి రానంటే మేకపిల్లనీ ఎక్కించింది మామ్మ. చివరి కప్పు మీద ఒక పిల్ల, పదహారేళ్ళు ఉంటాయేమో, చంకలో పాలిథిన్ సంచి ఇరికించుకుని కూర్చుంది. పడవ దగ్గరికి రాగానే ఆ పిల్ల రక్షించమనలేదు, ఆకలి అనలేదు. "మామ్మగారూ, దారం తడవలేదండి" అంది.

మామ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా వరద గురించి నవ్వుతూనే చెప్పేది. ఈ మాట దగ్గరికొచ్చేసరికి గొంతు పట్టుకుపోయేది.

చూడండి, చుట్టూ గోదారి. ఆ పిల్లకి ముందు దారమే ఎందుకు గుర్తొచ్చింది? దారం తడిసి మచ్చ పడితే కూలిలో కోత పడుతుంది కాబట్టి. ఆ భయం వరద కంటే పెద్దది. మామ్మ తను కోసేది కాదు. కానీ తన పైన ఉన్న వ్యాపారి ఆవిడకి కోసేవాడు.

బావ వాచీ చూపిస్తున్నాడు. మూడో సంగతి వదిలేశాను బావా, కంగారు పడకు. ఈ లేసు గురించి మాత్రం చెప్పనివ్వండి.

1836లో మిషనరీ ఆంథొనీ గ్రోవ్స్ గారి వెంట ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన బౌడన్ దొర, బీరు దొర పేర్లు మన సండేస్కూలు పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తుంటే, వీళ్ళు అక్కడి కూలీలకి సువార్త చెప్పారని కూడా చెబుతారు. బాగానే ఉంది. వాళ్ళ భార్యలు కూడా అదే ఓడలో వచ్చారు కదా! ఆ దొరసానుల పేర్లు అడగండి, ఒక్క పిల్ల చెయ్యెత్తదు. మిషనరీ దొరసానులు నేర్పిన లేసే నూట డెబ్బై ఏళ్ళకి పైగా ఈ నరసాపురం చుట్టుపక్కల ఇళ్ళల్లో పొయ్యి వెలిగిస్తోంది. 2024లో మన లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న ముద్ర, వచ్చింది. సంతోషం. అల్లినామెకి కండె దారం లెక్కన ఎంత ముడుతోందో కూడా పేపర్లో వేస్తే ఇంకా సంతోషించేదాన్ని.

పొద్దున వంట, గేదెల పని, పొలంలో నాట్లు. ఇవన్నీ అయ్యాక అరుగు మీద కూర్చుని చీకటి పడేదాకా అల్లిక. కొందరు పువ్వులు అల్లేవాళ్ళు, కొందరు ఆ పువ్వుల్ని కలిపి అతుకుపని చేసేవాళ్ళు. చత్వారం నలభైకి ముందే వచ్చేది. "మీ ఆవిడేం చేస్తుంది?" అని అడిగితే మొగుడు "ఏముందండీ, ఇంట్లో ఖాళీయే" అనేవాడు. మామ్మ ఇది విందంటే ఊరుకునేది కాదు. మా తాతయ్య కూడా ఒకసారి ఇలాగే అని, ఆ రాత్రి ఖాళీ కంచం ముందు కూర్చున్నాడు.

ఆ లేసు మూట పట్టుకుని ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో ఎగ్జిబిషన్‌కి కూడా వెళ్ళింది. హిందీ ముక్క రాదు. ధర వేళ్ళతో చూపించేదట. మరీ తగ్గించి అడిగితే నవ్వుతూ తెలుగులో తిట్టేదట. మూట ఖాళీ చేసుకుని వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం.

1990 మే తుఫానుకి మన మందిరం పెంకులు లేచిపోయాయి. స్లాబు వేద్దామన్నారు, డబ్బులేవీ? మామ్మ లేసు ఆడవాళ్ళని కూడగట్టింది. వారం వారం కూలి తీసుకునేటప్పుడు పావలా, అర్ధ, రూపాయి, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు పక్కన పెట్టారు. స్లాబు పడడానికి ఏళ్ళు పట్టింది. పడింది. గుమ్మం పక్కన శిలాఫలకం చూడండి. ప్రారంభించిన అతిథి పేరుంది. పెద్దల పేర్లున్నాయి. మేస్త్రీ పేరుంది. ఇసుక తోలిన ట్రాక్టరు ఓనరు పేరు కూడా ఉంది, మంచిదే, ఆయన కిరాయి తీసుకోలేదట. ఆడపేరు ఒక్కటంటే ఒక్కటి లేదు.

నేను ఇదివరకు అడిగాను. కుడిచెయ్యి చేసినది ఎడమచేతికి తెలియకూడదని వాక్యం ఉందమ్మా అన్నారు. ఉంది, మత్తయి ఆరో అధ్యాయం. మరి మగవాళ్ళ కుడిచేతుల సంగతి గ్రానైటు మీద చెక్కించారే! రోమా పత్రిక పదహారో అధ్యాయం తియ్యండి. పౌలు ముందుగా చెప్పిన పేరు ఎవరిది? ఫీబే. తరవాత ప్రిస్కిల్ల, మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. వరసబెట్టి ఆడవాళ్ళ పేర్లు రాశాడు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాళ్ళు పేతురుకి ఏం చూపించారు? ఆవిడ చేత్తో కుట్టిన బట్టలు. నేను కొత్తగా అడుగుతున్నదేమీ లేదండి.

పెద్దలు నన్ను కోప్పడకండి. పోనీ కోప్పడండి, కానీ ఇది వినండి. మామ్మ పెట్టెలో గళ్ళ నోటుపుస్తకం దొరికింది. స్లాబు చందా పద్దు. బైబిలు చదవడం కోసమే పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకున్న మనిషి, ఒక్కో అక్షరం రేగుపండంత. తెరిస్తే తల తిరిగింది. ఆవిడ కూడా పేర్లు రాయలేదు! "సోడా కొట్టామె, రెండు రూపాయలు." "కాలవ గట్టు నడిపి కోడలు, రూపాయి." "చూపులేని మామ్మ, అర్ధ." ప్రతి వారం తప్పకుండా ఒక వరస ఉంది: "లంక పిల్ల, మూడు రూపాయలు." అందరికంటే ఎక్కువ ఇచ్చింది ఆ పిల్లే. ఎక్కడుందో, అసలు పేరేమిటో నాకు తెలీదు. మీలో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది.

ఫలకానికి డబ్బు నేను పెట్టుకుంటాను, పెన్షన్ వస్తోంది. చెక్కించడానికి పేర్లు కావాలి. పుస్తకం ఇదిగో, ఈ టేబుల్ మీద పెడుతున్నాను. పక్కన పెన్నుంది. రాయడం రానివాళ్ళు చెప్పండి, మా పిల్లలు రాస్తారు. డెబ్బై దాటినవాళ్ళు ముందు రండి, వాళ్ళకి కుర్చీలు వేయండి. సోడా కొట్టు ఎవరిదో, నడిపి కోడలు ఏ ఇంటి కోడలో ఇప్పుడే తేలాలి. అప్పటిదాకా విస్తళ్ళు వేయొద్దని వంటవాళ్ళకి చెప్పే వచ్చాను.