ఫ్రీగా వచ్చిన ఫ్లై టైయింగ్ కిట్ రివ్యూ: వైస్ సూపర్, బాబిన్ మాత్రం దారం కోస్తుంది

అందరికి నమస్తే అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు. నల్లగొండ నుంచి మాట్లాడుతున్న. టేబుల్ మీద చూస్తున్నరు కదా, ఈ ఫ్లై టైయింగ్ కిట్, అంటే హుక్ మీద వెంట్రుకలు, ఈకలు దారంతోని కట్టి ఫ్లై అనే చేపల ఎర తయారు చేసే సామాను, కంపెనీ వాళ్ళే ఫ్రీగా పంపిన్రు, పేరు డబ్బ మీద కనిపిస్తనే ఉంది. వీడియోకు పైసలు గిట్ట ఏం ఇయ్యలే, ముందుగాల మాకు చూపెట్టమని గూడ అడగలే, అందుకే నాకు ఎట్ల అనిపించిందో అట్లనే చెప్త. లోపట ఏమేం ఉన్నయి, హుక్‌ను బిగించి పట్టుకునే వైస్ బరువెంత, ఎన్ని రంగులు వచ్చినయి, గవన్నీ వాళ్ళ పేజీల రాసి ఉన్నయి, అన్‌బాక్సింగ్‌లు గూడ మీరు చూసే ఉంటరు, మళ్ళ అదే చదువుకుంట కూసోను. నేను చూసేది ఒక్కటే, దీంతోని కట్టిన ఫ్లై బీచ్ మీద నిలబడి అలలల్లకు విసిరితే ఊడకుండ ఉంటదా లేదా.

చెరువుకు కట్టే ఫ్లై వేరు, సముద్రానికి కట్టేది వేరు. అల విరిగేకాడ నీళ్ళు ఒక్క తీరుగ ఉండయి, కింద ఇసుక, పైన నురుగ, వెనకకు గుంజే నీళ్ళు, వీటి నడుమ ఫ్లై దభేల్మని కొట్టుకుంటది. అందుకే సముద్రానికి నేను ఎక్కువ కట్టేది క్లౌజర్ మిన్నో. అమెరికాల పెన్సిల్వేనియా రాష్ట్రం, అక్కడ సస్క్వెహన్నా నది, ఆ నదిల స్మాల్‌మౌత్ బాస్ చేపల కోసం బాబ్ క్లౌజర్ అనే గైడ్ 1980లల్ల కట్టిండు, దానికి ఆ పేరు పెట్టింది లెఫ్టీ క్రే, ఫ్లైతోని చేపలు పట్టుడుల పేరున్న మనిషి. నది కోసం పుట్టిన ఫ్లై ఇప్పుడు ప్రపంచంల ఏ బీచ్‌కు పోయినా డబ్బల ఉంటది. దాంట్ల కిటుకు అంత కండ్లల్ల ఉంది. డంబెల్ లెక్క రెండు బరువు గుండ్లు హుక్ కాడ మీద, పై దిక్కున కడ్తరు, ఆ బరువుకు ఫ్లై నీళ్ళల్ల బోర్ల పడ్తది, హుక్ మొన పైకి వస్తది, ఇసుకల ఇరుక్కోదు. గుంజినప్పుడు ముందుకు, ఆపినప్పుడు తల కిందికి, చిన్న చేప దెబ్బ తిని మునుగుతున్నట్టు పోతది. పానగల్ ఉదయసముద్రం కట్ట కాడ, ఒడ్డు పక్కన తేట నీళ్ళల్ల విడిచి చూస్త ఎప్పుడైనా, బోర్ల పడిందా లేదా అక్కడనే తెలిసిపోతది, దాని కోసం సముద్రం దాక పోవుడు అవసరం లేదు.

ఇగ కిట్ సంగతికొస్తే వైస్ మంచిగుంది, నిజంగ మంచిగుంది. 2/0 సైజు పెద్ద హుక్ పెట్టి బిగిస్తే కదలలే, దారం ఎంత గుంజినా జారలే. టేబుల్‌కు బిగించే క్లాంపు ఇచ్చిన్రు, మందం చెక్క టేబుల్ అయితే పట్టదు, పల్చటి దానికి పడ్తది. గిర్రున తిప్పే సౌకర్యం ఉంది, రెండో దిక్కు చూడాలంటే మెడ వంచుకునే పని లేదు. వైస్‌కు నా దిక్కు నుంచి ఏ కంప్లైంట్ లేదు.

బాబిన్ కాడనే నా పానం పోయింది.

బాబిన్ అంటే దారం రీలు పెట్టుకునే చిన్న పనిముట్టు, కింద రెండు చేతులు రీలును పట్టుకుంటయి, పైన సన్న గొట్టం, ఆ గొట్టంల నుంచి దారం వస్తది. చూస్తే ఇంతంత ఉంటది, కాని ఫ్లై మొత్తం దాని మీదనే నిలబడ్తది. క్లౌజర్ కండ్లు కట్టేటప్పుడు దారం ఎనిమిది అంకె వేసినట్టు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు గట్టిగ గుంజుకుంట తిప్పాలె, సుతారంగ తిప్పితే రెండు విసుర్లకే కండ్లు పక్కకు తిరిగిపోతయి, ఫ్లై పక్కకు పడుకొని ఈదుతది, ఏ చేప దాని మొఖం చూడదు. గట్టిగ గుంజే ఆ టైంలనే, సరిగ్గ ఆ టైంలనే, ఈ కిట్ల బాబిన్ దారం తెంపుతుంది. తెగినప్పుడు ఒక్క దారం పోవుడు కాదు, అప్పటిదాక చుట్టిన చుట్లన్నీ వదులైపోతయి, వెంట్రుకలు చెల్లాచెదురు, మళ్ళ మొదటి నుంచి. డెనియర్ అంటే దారం మందం లెక్క, 140 డెనియర్ దారం సన్నది కాబట్టి తెగిందేమో అనుకొని 210 డెనియర్ పెట్టిన, అది గూడ నడుమల పీచు లేస్తుంది, పీచు లేసిన దారం మీద గట్టిపడే జిగురు, అదే రెసిన్, ఎంత పోసినా లోపల బలం ఉండది.

ఎందుకైతుందో చూపెడ్త, కెమెరా దగ్గరికి పెడుతున్న చూడుండ్రి. ఇయర్ బడ్ తీసుకొని గొట్టం మూతి చుట్టు తిప్పుతున్న. కనిపించిందా, దూది పోగులు అంచుకు పట్టుకున్నయి. అంటే అంచు నున్నగ చెయ్యలే, కొడవలి పండ్ల లెక్క ఉంది లోపట. బయటికి మెరుస్తుంది, ఫోటోల బ్రహ్మాండంగ వస్తది, దారం పోయే చోట మాత్రం ఎవ్వరు వేలు పెట్టి చూడలే. అదే నా పాత బాబిన్ చూడుండ్రి, రంగు మొత్తం పోయింది, దీని గొట్టం మూతికి సిరామిక్ రింగు ఉంది, దూది తిప్పితే ఒక్క పోగు పట్టలే. చేతిల ఉన్న బాబిన్ ఏదైనా గిట్లనే చెక్ చేసుకోండ్రి, నిమిషం పని. ఇంత మంచి వైస్ తయారు చేసినోళ్ళకు ఒక గొట్టం అంచు నునుపు చేసుడు చేతకాదా, నాకు అర్థమైతలేదు, కోపమొస్తుంది నిజంగ.

హుక్కులు గూడ జర చెప్పాలె. కిట్ల వచ్చినయి నల్లటి సన్న హుక్కులు, చెరువుకు సరిపోతయి, ఉప్పు నీళ్ళకు కావు, తడి ఆరకముందే తుప్పు మొదలైతది. సముద్రానికి స్టెయిన్‌లెస్ హుక్కులు విడిగ కొనుక్కోండ్రి. హుక్ మొన వెనక ఉండే ముల్లు ప్లయర్‌తోని నొక్కేయుండ్రి, బీచ్ మీద గాలి అడ్డం కొట్టినప్పుడు ఫ్లై చెవికి తగిలితే అప్పుడు తెలుస్తది ముల్లు నొక్కుడు ఎందుకో.

సామాను విషయంల నేను కిట్ మీద ఆధారపడను, మన దిక్కు దొరికేటియే బాగుంటయి. క్లౌజర్‌కు అక్కడోళ్ళు జింక తోక వెంట్రుకలు వాడ్తరు, మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది, మన జింకల తోక, తోలు, కొమ్ము ఏదీ ముట్టొద్దు, ఎవరన్న తెచ్చిస్తా అన్నా వద్దనుండ్రి. నేను మేక వెంట్రుకలు వాడ్త, వారంల ఒకరోజు సంత ఉంటది కదా, మేకలు కోసే కాడ అడిగితే ఊరికెనే ఇస్తరు. నిటారుగ ఉంటయి, నీళ్ళు ఎక్కువ పట్టయి. గొర్రె బొచ్చు మాత్రం వద్దు, గొంగడికి పనికొచ్చే బొచ్చు ఫ్లైకి పనికిరాదు, నీళ్ళు తాగి బరువెక్కుతది, విసిరితే ముందుకే పోదు. వెంట్రుకలు తక్కువ పెట్టుండ్రి, కొత్తగ కట్టేటోళ్ళు అందరు గుప్పెడు పెడ్తరు, పల్చగ ఉంటేనే నీళ్ళల్ల చేప పిల్ల లెక్క కనిపిస్తది.

లెఫ్టీస్ డిసీవర్ అనే ఇంకో ఫ్లై కట్టాలంటే తోకకు పొడుగు కోడి ఈకలు కావాలె. బాయిలర్ కోడి ఈకలు పనికిరావు, నెల రోజులు దాటి ఇంకొన్ని రోజులకే కోసేస్తరు, దానికి పొడుగు ఈకలు వచ్చే వయసే రాదు. ముదిరిన నాటు పుంజు మెడ ఈకలు, నడుము మీద నుంచి కిందికి జారే ఈకలు, అవి కావాలె. మన ఊర్లల్ల ఎర్రయి, నల్లయి మస్తు దొరుకుతయి, తెల్ల పుంజు దొరికితే మాత్రం విడువకుండ్రి. డిసీవర్ వీపు మీద పెట్టే నెమలీక పోగులు గూడ మనకు పొలాల గట్ల మీదనే రాలి దొరుకుతయి, రాలినయే ఏరుకోండ్రి.

మెరుపుకు కిట్ల ఇచ్చిన ఫ్లాష్ పర్వాలే. నేను జరీ గూడ వాడి చూసిన, గద్వాల చీరల జరీ మిగిలిన ముక్కలు తెలిసిన అక్క ఇచ్చింది. అసలు జరీ అయితే లోపట వెండి, రాగి ఉంటయి, ఉప్పు నీళ్ళు తగిలితే నల్లగైతది, చీరల ఉండాల్సింది ఫ్లై మీద పెట్టొద్దు. ప్లాస్టిక్ పోగు మీద మెరుపు పూసిన జరీ ఉంటది కదా, చీప్‌ది, అది మాత్రం ఉప్పుకు ఏం కాదు, సన్నగ చీల్చి రెండు మూడు పోగులు పెడ్తె చాలు. కండ్ల కోసమైతే కిటికీ బ్లైండ్లకు వేలాడే గుండ్ల చైన్ ఉంటది చూడుండ్రి, స్టెయిన్‌లెస్‌ది, రెండేసి గుండ్లు కత్తిరిస్తే తేలిక కండ్లు అయితయి, అల తక్కువ ఉన్న రోజు అవే మేలు.

కిట్ల యూవీ రెసిన్ మంచిది, చిన్న లైటు గూడ ఇచ్చిన్రు, కాని మన ఎండల లైటు అవసరం పడది, కిటికీ పక్కన కూసుంటే సీసా మూతి కాడనే గట్టిపడిపోతది, నీడకు పెట్టుకోండ్రి.

వీటితోని కట్టిన క్లౌజర్లు పట్టుకొని అద్దంకి రోడ్డు ఎక్కి, వాడపల్లి కాడ కృష్ణ దాటి, చీరాల వాడరేవుకు పోయిన. కిట్ బాబిన్‌తోని కట్టినయి, పాత బాబిన్‌తోని కట్టినయి వేరు వేరు డబ్బలల్ల పెట్టుకున్న. అల విరిగే గీతకు ఇవతల నీళ్ళు ముదురు రంగుగ కనిపించేకాడ లోతు ఉంటది, అక్కడ్నే విసిరిన, చిన్న పార చేపలు కొట్టినయి. పాత బాబిన్ ఫ్లై చేప నోట్ల నుంచి తీసినంక గూడ కండ్లు నిటారుగనే ఉన్నయి. కిట్ బాబిన్‌ది ఒకటి చేప ముట్టకముందే కండ్లు తిరిగినయి, ఇంకొకదానికి తల కాడ దారం విప్పుకుంది. నల్లగొండ నుంచి గంటల తరబడి పోయేటోనికి బీచ్ మీద ఫ్లై ఊడుడు అంటే ఏందో ఆలోచించుండ్రి, ఒడ్డు మీద దుకాణం ఉండది మనకు.

అందుకే కిట్ మొత్తం కొనుండ్రి అని నేను చెప్ప. వైస్ ఒక్కటే విడిగ అమ్మితే కళ్ళు మూసుకొని తీసుకోండ్రి, బాబిన్ సిరామిక్ మూతిది వేరే తీసుకోండ్రి. కంపెనీ వాళ్ళు ఈ వీడియో చూస్తరు కాబట్టి వాళ్ళకు గూడ చెప్తున్న, రంగు డబ్బ మీద పెట్టిన పైసలల్ల కొంచెం ఆ గొట్టం అంచు మీద పెట్టుండ్రి.

ఇప్పటికే కొన్నోళ్ళు పారేయకుండ్రి. 2000 నంబర్ వాటర్ పేపర్ సన్నగ చుట్టి గొట్టం మూతిల పెట్టి మెల్లగ తిప్పుండ్రి, తడి చేసుకొని, రెండు దిక్కుల. తర్వాత దూది తిప్పి చూడుండ్రి, పోగు పట్టకపోతే వాడుకోండ్రి, పడితే మళ్ళ తిప్పుండ్రి. ఫ్లైలు వాడినంక ఇంటికొచ్చి మంచినీళ్ళల్ల కడిగి, పూర్తిగ ఆరినంకనే డబ్బల పెట్టుండ్రి. పుంజు ఈకలు షాంపూతోని ఎట్ల కడగాలె, పురుగు పట్టకుండ ఎట్ల దాచాలె అని చానామంది అడుగుతున్నరు, అది వచ్చే వీడియోల చూపెడ్త.