ఏ కొత్తపల్లె?

శ్రోతలకు నమస్కారం. తిరుపతి బస్టాండులో పల్లెవెలుగు బస్సెక్కి "కొత్తపల్లెకు ఒక టికెట్" అంటే కండక్టర్ వెంటనే కొట్టడు. మొన్న నా ముందు సీట్లో ఒక అవ్వను "ఏ కొత్తపల్లె అవ్వా?" అని అడిగాడు. ఆమెకు కోపమొచ్చింది. "చెరువుకట్ట మీద రావిమాను ఉంది చూడు, ఆ కొత్తపల్లె నాయనా" అంది. టికెట్ వచ్చింది. మన జిల్లాలో కొత్తపల్లెలు ఎన్నున్నా ఇబ్బంది లేదు, చెరువుంది, చెట్టుంది, అడిగే కండక్టరున్నాడు.

ఆకాశంలో ఇవేవీ లేవు. రేణిగుంటలో విమానం లేచాక అది పోయే దారిలో కొన్ని గుర్తులుంటాయి, వేపాయింట్లంటారు. గుర్తులు అన్నానే గానీ అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు, ఉత్త గాలి. ఒక అక్షాంశం, ఒక రేఖాంశం, ఒక పేరు. అందుకే ఆ పేరు దగ్గర అంత పట్టుదల: సరిగ్గా ఐదు ఇంగ్లీషు అక్షరాలు, నోటికి పలికేలా, ప్రపంచంలో ఇంకోదానికి లేనిదై ఉండాలి. అర్థం ఉండక్కర్లేదు. పలకడం ఎందుకంటే, చెన్నైలో కంట్రోలర్ రేడియోలో ఆ పేరు చెబితే, ఆ గరగరలో జర్మన్ పైలట్‌కైనా మలయాళీ పైలట్‌కైనా ఒక్కసారికే అందాలి. ఒకే పేరు ఇద్దరు పెట్టుకోకుండా ఐకావో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఒక ఉమ్మడి పట్టిక నడుపుతుంది.

పేర్లు కలిస్తే ఏమవుతుందో చెప్తాను. 1995 డిసెంబర్ 20 రాత్రి, మయామీ నుంచి కొలంబియాలోని కాలీకి వస్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 విమానం. అప్పటికే ఆలస్యం. వేరే వైపు నుంచి నేరుగా దిగుతారా అని కంట్రోలర్ అడిగితే సరే అన్నారు, దాంతో అంతా హడావుడి. రోజో అనే రేడియో బీకన్ వైపు పోవాలి. బీకన్ అంటే నేల మీద నుంచి సిగ్నల్ పంపి దారి చూపే కేంద్రం, ఐదక్షరాల లెక్క దీనికి లేదు. మ్యాపులో రోజో గుర్తు 'ఆర్' అన్న ఒక్క అక్షరం. విమానం కంప్యూటర్లో ఆర్ కొట్టారు, జాబితాలో మొదటిదాన్ని ఎంచుకున్నారు. అది రోజో కాదు. ఎక్కడో బొగోటా దగ్గరున్న రోమియో అనే బీకన్, దాని గుర్తూ ఆరే! ఒకే దేశంలో రెండు ఆర్‌లు రావడంతో ఆ కంప్యూటర్ డేటాబేసులో, అంటే దాని పేర్ల పట్టికలో, రోజోను పూర్తి పేరుతో పెట్టారు, మ్యాపేమో ఆ సంగతి చెప్పదు. చీకట్లో, కొండల మధ్య, విమానం ఎడమకు తిరిగిపోయింది. తేరుకుని మళ్లీ కుడికి తిప్పేసరికి ఎదురుగా కొండ. ఉన్నది 163 మంది, పోయింది 159 మంది. తప్పంతా ఆ ఒక్క అక్షరానిదే అనను, పైలట్లు సరిచూసుకోలేదు, చివర్లో స్పీడ్ బ్రేకులు, అంటే వేగం తగ్గించడానికి రెక్కల మీద లేపే పలకలు, మూయడం కూడా మరిచారు. కానీ ఆ కంప్యూటర్ జాబితా చూపించి ఊరుకుంది, మన కండక్టర్‌లా "ఏ ఆర్ సామీ?" అని నిలదీయలేదు.

పేర్లలో సరదా కూడా ఉంది. అమెరికాలో కాన్సాస్ సిటీ బొగ్గుల మీద కాల్చిన మాంసానికి పేరున్న ఊరు, అక్కడ దిగే దారిలో స్పైసీ, బార్బెక్యూ, స్మోక్, రిబ్స్ అని వరసగా పాయింట్లు పెట్టారు, ఐదక్షరాలకు సరిపోయేలా అక్కడక్కడా కోసి, సాగదీసి. మనకా బాధ లేదు. ఎల్, ఏ, డీ, డీ, యూ. లడ్డూ లెక్కకు సరిపోతుంది! సంగటికే ఏడక్షరాలు, రెండు తెగ్గొట్టాలి, అది నాకు ఇష్టం లేదు.

పేరే లేని చోట్లకు అంకెలే పేరు. 13 డిగ్రీల ఉత్తరం, 80 డిగ్రీల తూర్పు కలిసే చోటును డేటాబేసు పద్ధతిలో '1380ఈ' అని రాస్తారు, అది మన శ్రీపెరంబుదూరు దగ్గర. రేఖాంశం వంద దాటితే ముందున్న ఒకటిని వదిలేసి, చివరనున్న ఇంగ్లీషు 'ఈ' అక్షరాన్ని మధ్యలోకి జరుపుతారు. అంటే '13ఈ80' అని కొడితే అది 80 కాదు, 180. పసిఫిక్ నడిసముద్రం. అక్కడ రావిమాను కాదు కదా, గడ్డిపరక కూడా ఉండదు.