పిలిస్తే పారిపోయే ఆటో: గేమ్‌లో త్రీడీ వెక్టర్లు

[స్క్రీన్: చార్మినార్. పసుపు ఆటో. కాస్త దూరంలో చెయ్యెత్తిన మనిషి. ప్లే నొక్కగానే ఆటో అతనికి దూరంగా పరుగు.]

చూశారా? చెయ్యెత్తితే రావాల్సింది పోయి, పారిపోతోంది. హైదరాబాద్ ఆటో కదా, మామూలే అనుకోకండి. తప్పు నా స్క్రిప్ట్‌దే, అంటే ఆటోని నడిపే కోడ్‌దే. ఒక్క మైనస్ దగ్గర.

నేను గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీ. అందులో వెక్టర్3 అంటే మూడు సంఖ్యలు: ఎక్స్, వై, జెడ్. వై పైకి. చార్మినార్ నడిమధ్యని 0, 0, 0 అనుకున్నాను. నాలుగు కమాన్లూ నాలుగు దిక్కులకే ఉంటాయి కాబట్టి పని సులువైంది: తూర్పుకి ఎక్స్, ఉత్తరాన గుల్జార్ హౌజ్ వైపు జెడ్. ఒక యూనిట్ ఒక మీటరు. అన్‌రియల్ అనే మరో గేమ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు జాగ్రత్త, అక్కడ పైకెళ్లేది జెడ్, యూనిట్ సెంటీమీటరు.

[స్క్రీన్: ఆటో 12, 0, 20. మనిషి 15, 0, 24.]

ఈ రెండూ చోట్లు. మనిషి ఉన్న చోటులోంచి ఆటో ఉన్న చోటు తీసేస్తే 3, 0, 4. ఇది చోటు కాదు, దారి: తూర్పుకి 3 మీటర్లు, ఉత్తరానికి 4. చిక్కంతా ఇక్కడే. చోటైనా దారైనా కంప్యూటర్‌కి అవే మూడు సంఖ్యలు, ఏది ఏదో మనమే గుర్తుపెట్టుకోవాలి. నేనైతే ఇప్పుడు వేరియబుల్ పేరులోనే పొజిషన్ అనో డైరెక్షన్ అనో రాసేస్తున్నాను. ఆరోజు ఆటోలోంచి మనిషిని తీసేశాను: మైనస్ 3, 0, మైనస్ 4. సరిగ్గా ఎదురు దిక్కు! వెళ్లాల్సిన చోటు ముందు, ఉన్న చోటు తర్వాత.

[తిప్పి రాసి ప్లే. ఆటో దూసుకొచ్చి, చివర్లో నత్తనడక.]

వచ్చింది గానీ, ఆ రావడం చూడండి. 3, 0, 4 పొడవెంత? 9, 16 కలిపితే 25, వర్గమూలం 5. దాన్ని నా స్పీడు 8తో గుణిస్తే సెకనుకి 40 మీటర్లు. అంటే పాతబస్తీలో గంటకి 144 కిలోమీటర్లు! దగ్గరయ్యేకొద్దీ పొడవు తగ్గి స్పీడూ పడిపోతుంది. నార్మలైజ్ చేస్తే పొడవు 1 అవుతుంది: 0.6, 0, 0.8. దిక్కొక్కటే మిగులుతుంది. ఇప్పుడు 8తో గుణిస్తే గంటకి 29 కిలోమీటర్ల లోపే. డెల్టాటైమ్‌తో, అంటే ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య గడిచిన సమయంతో, గుణించడం ముందే పెట్టాను, అది లేకపోతే ఫ్రేములు ఎక్కువొచ్చే ఫోన్‌లో ఆటో ఇంకా జోరుగా పోతుంది.

[మనిషిని బాల్కనీ ఎక్కిస్తే ఆటో గాల్లోకి లేస్తుంది.]

ఇదీ అయింది. దారిలో వై 4 వచ్చింది మరి! వైని 0 చేసి, ఆ తర్వాతే నార్మలైజ్ చేయండి. తిప్పి చేస్తే పొడవు 1 ఉండదు, ఆటో నెమ్మదిస్తుంది.

ఇక ఆగడం. మనిషి దాకా వచ్చి ముందుకీ వెనక్కీ వణుకుతోంది. దూరం 1.5 మీటర్ల లోపైతే ఆపెయ్ అని రాశాను, ఈసారి అసలు బయల్దేరనేలేదు. గంట కూర్చున్నాక తెలిసింది: నార్మలైజ్ చేశాక పొడవు కొలుస్తున్నాను. అది ఎప్పుడూ 1 కదా, 1.5 కన్నా తక్కువే, అందుకే కదల్లేదు. కొలత ముందు, నార్మలైజ్ తర్వాత.

[ఆటో వచ్చి ఆగుతుంది. మనిషి ఎక్కుతాడు.]

మీటర్ వేస్తాడా లేదా అన్నది వేరే స్క్రిప్ట్.